డ్రమ్ము బ్రేకు మోత వెనక ఒక ఫ్రెంచాయన

మన కాలేజీ పార్కింగులో ఎప్పుడు చూసినా రెండు మూడు క్విడ్ కార్లు ఉంటాయి. వాటి మీదున్న పేరుని మనమంతా రెనాల్ట్ అంటాం. ఫ్రాన్సులో చివరి అక్షరాలు మింగేసి రెనో అంటారు. అది ఒక మనిషి ఇంటిపేరు, లూయీ రెనోది. ఈ సంచికకి ఒక గొప్ప వ్యక్తి జీవితం రాయమన్నప్పుడు మా బ్రాంచి వాళ్లంతా ట్యూరింగ్ దగ్గరే ఆగిపోయారు. నేను మాత్రం ఈయన్ని ఎంచుకున్నాను. ఎందుకంటే, మా మావయ్య పాత పికప్ బండి వెనక చక్రంలోంచి ఒక మోత వచ్చింది, అదేంటో తెలుసుకోబోయి ఈయన దగ్గర తేలాను. ఆ మోత సంగతి మధ్యలో వస్తుంది. ముందు మనిషి గురించి చెప్తా.

లూయీ 1877 ఫిబ్రవరిలో పారిస్‌లో పుట్టాడు. నాన్న ఆల్ఫ్రెడ్ బట్టలు, గుండీల వ్యాపారి, బాగా ఉన్నవాళ్లు. కాబట్టి ఇది పేదరికంలోంచి ఎదిగిన కథ కాదు. కాకపోతే ఆ ఇంట్లో అందరికీ లెక్కల పుస్తకాలూ సరుకూ పడితే, ఈ పిల్లాడికి బడీ పట్టలేదు, కొట్టూ పట్టలేదు. ఇంజన్ కనిపిస్తే చాలు అక్కడే నిలబడిపోయేవాడు. సెర్పొలే అనే ఆయన ఆవిరితో నడిచే బండ్లు తయారుచేసేవాడు, ఆయన ఈ కుర్రాణ్ణి ఒకసారి బండెక్కించుకుని తిప్పాడు. ఇక అంతే. పారిస్ పక్కన బియాంకూర్‌లో వాళ్లకి ఒక తోట ఇల్లు ఉండేది. ఆ తోటలో షెడ్డు లూయీ చేతికొచ్చింది. ఇంజనీరింగ్ డిగ్రీ ఏమీ లేదు. (మా హెచ్‌ఓడీ గారు ఈ వాక్యం చదవకపోతే బాగుండు.)

1898లో, ఇరవై ఒక్కేళ్ల వయసులో, డి డియోన్ కంపెనీ మూడు చక్రాల బండి ఒకటి తీసుకుని విప్పేసి నాలుగు చక్రాల బండిగా మార్చాడు. దాని ఇంజన్‌కి రెండు హార్స్‌పవర్ కూడా లేదు, మన స్కూటీలో అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. అసలు విషయం గేర్‌బాక్స్‌లో ఉంది. అప్పటి బండ్లలో చాలావాటికి శక్తి ఇంజన్ నుంచి చక్రానికి గొలుసుల మీదో బెల్టుల మీదో వెళ్లేది. అవి గలగలమనేవి, సాగేవి, తెగేవి. లూయీ గొలుసు తీసేసి షాఫ్టు పెట్టాడు. టాప్ గేర్‌లో ఇంజన్ వైపు షాఫ్టూ చక్రాల వైపు షాఫ్టూ నేరుగా కలిసిపోయి ఒకటిగా తిరిగేలా చేశాడు. మధ్యలో పళ్ల చక్రాల రాపిడి లేదు, శక్తి వృథా తగ్గింది, మోత కూడా తగ్గింది. డైరెక్ట్ డ్రైవ్ అంటే ఇదే.

ఆ ఏడాది డిసెంబరు 24 రాత్రి, క్రిస్మస్‌కి ముందు రోజు, స్నేహితులతో పందెం కాసి ఆ బండిని మోంమార్త్ కొండ మీదికి ర్యూ లెపిక్ అనే వీధిలో ఎక్కించాడు. నూటికి పదమూడు వంతుల వాలు ఉన్న వీధి అది. బండి ఆగకుండా ఎక్కేసింది. ఆ రాత్రే పన్నెండు ఆర్డర్లు వచ్చాయి. బండి ఒక్కటే ఉంది, ఫ్యాక్టరీ లేదు, ఆర్డర్లు మాత్రం పన్నెండు. స్టార్టప్ పిచ్చి ఉన్న మన సీనియర్లు ఈ పేరా రెండుసార్లు చదువుకోవచ్చు.

1899లో అన్నలు మార్సెల్, ఫెర్నాండ్ డబ్బు పెట్టి కంపెనీ మొదలుపెట్టారు. పేరు రెనో ఫ్రేర్, అంటే రెనో అన్నదమ్ములు. తమాషా ఏంటంటే మొదట్లో లూయీకి అందులో వాటా లేదు, తను జీతగాడే. బండి పని చేస్తుందో లేదో, ఈ తమ్ముడి పిచ్చి ఎన్నాళ్లుంటుందో వాళ్లకీ అనుమానమే అయ్యుండాలి. కానీ గేర్‌బాక్స్ పేటెంటు లూయీ పేరు మీదే ఉంది. తర్వాతి ఏళ్లలో దాన్ని వాడుకున్న మిగతా కంపెనీల దగ్గర రాయల్టీలు వసూలు చేశాడు.

ఇప్పుడు బ్రేకు దగ్గరికి వద్దాం.

అప్పటి కార్ల బ్రేకులు చూస్తే భయమేస్తుంది. చక్రానికో షాఫ్టుకో ఒక డ్రమ్ము ఉండేది, దాని బయట చుట్టూ ఒక పట్టీ. లివరు లాగితే పట్టీ బిగుసుకుంటుంది. పొడి రోడ్డు మీద పర్లేదు. కానీ పట్టీ బయటే ఉంటుంది కాబట్టి బురదా ఇసుకా నీళ్లూ అన్నీ దానికే, త్వరగా అరిగిపోయేది. ఇంకో ఇబ్బంది, పట్టీ ఒక దిక్కున తిరిగినప్పుడు బిగుసుకుంటే రెండో దిక్కున విప్పుకుంటుంది. ఎత్తు మీద ఇంజన్ ఆగిపోయి బండి వెనక్కి జారడం మొదలైతే బ్రేకు పట్టు వదిలేసేది. ర్యూ లెపిక్ లాంటి వీధిలో అది ఎలా ఉంటుందో ఊహించుకోండి.

1902లో లూయీ దీన్ని తిరగేశాడు. పట్టీని బయట నుంచి తీసేసి, అర్ధచంద్రాకారంలో రెండు షూలు చేసి డ్రమ్ము లోపల పెట్టాడు. లివరు లాగితే అవి విచ్చుకుని లోపలి గోడకి ఒత్తుకుంటాయి. డ్రమ్ము మూతలా పైన ఉంటుంది కాబట్టి బురద అంత సులువుగా లోపలికి పోదు. 1900లో మేబాక్ డిజైన్ చేసిన కారులోనూ ఒక సాదా డ్రమ్ము బ్రేకు ఉంది, అందుకే కనిపెట్టింది ఫలానా ఆయనే అని గట్టిగా అనకూడదు. కానీ మనం ఇప్పుడు డ్రమ్ము బ్రేకు అనేదానికి రూపం ఇచ్చింది మాత్రం లూయీయే అని సాధారణంగా రాస్తారు. కడ్డీల స్థానంలో హైడ్రాలిక్ నూనె, ఆటోమేటిక్ అడ్జస్టర్ ఇవన్నీ తర్వాత వేరేవాళ్లు చేర్చినవి.

ఇందులో ఒక చమత్కారం ఉంది. తలుపు కదలకుండా కింద చెక్కముక్క దూరుస్తాం కదా, తలుపు నెట్టేకొద్దీ ఆ ముక్క ఇంకా బిగుస్తుంది. ముందు షూ అలాంటిదే. తిరిగే డ్రమ్ము దాన్ని పట్టుకుని తనవైపే ఇంకా లాక్కుంటుంది. అంటే మనం కాలితో ఇచ్చిన బలం కన్నా ఎక్కువ బలం చక్రం తిరుగుడు నుంచే వస్తుంది. వెనక షూకి ఈ లాభం లేదు, డ్రమ్ము దాన్ని తోసేస్తుంటుంది. రివర్సులో వెళ్తే రెండూ పాత్రలు మార్చుకుంటాయి. చాలా తెలివైన డిజైన్. అయితే ఈ లాగుడే మోతకి కూడా మూలం. లైనింగు డ్రమ్ముని పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం సెకనుకి వందలసార్లు జరిగితే ఇనుప డ్రమ్ము గంటలా మోగుతుంది. పైగా మూత వేసి ఉంది, లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు. కోడ్‌లో అయితే మధ్యలో ఒక ప్రింట్ స్టేట్‌మెంట్ పెట్టి చూస్తాం, ఇక్కడ అదీ లేదు. వినే కనుక్కోవాలి.

మా మావయ్య బండి గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు తోలుతుంది. పాత బండి, వెనక రెండు చక్రాలకీ డ్రమ్ములే. సెలవుల్లో ఇంటికెళ్లినప్పటికి దానికి కొత్తగా ఒక కీచు పట్టుకుంది. మావయ్య లైనర్లు మార్చేద్దామనే ఉద్దేశంతో ఉన్నాడు. మేస్త్రీ మాత్రం పానా ముట్టుకోలేదు, ముందు బండెక్కి కూర్చుని నెమ్మదిగా తోలమన్నాడు. నేను వెనక తొట్టెలో.

బ్రేకు తొక్కకుండా వెళ్తే మోత లేదు. కాబట్టి చక్రం బేరింగు కాదు, అది బ్రేకుతో పని లేకుండా వేగంతో పాటు బొయ్యిమంటుంది, మలుపులో మారుతుంది. తర్వాత బ్రేకు వదిలేసి, నడక వేగంలో హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగాడు. కీచు వచ్చింది. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే కాబట్టి ముందు చక్రాల మీద అనుమానం పోయింది. ఈ ఒక్క పరీక్ష నాకు చాలా నచ్చింది, సగం సిస్టమ్‌ని ఒక్క దెబ్బతో పక్కన పెట్టేయడం, బైనరీ సెర్చ్ అన్నమాట. ఆ తర్వాత రివర్సులో బ్రేకు తొక్కాడు. కీచు లేదు, కానీ దిశ మారిన మొదటిసారి టక్ మని ఒక్క చప్పుడు. ఖాళీ బండికి మోత ఎక్కువా లోడు మీద ఎక్కువా అని మావయ్యని అడిగాడు. ఖాళీకే. అప్పుడే మేస్త్రీకి దాదాపు అర్థమైపోయిందని నా అనుమానం.

ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, వెనక జాకీ ఎత్తి స్టాండు మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వదిలి చక్రం చేత్తో తిప్పి చూశాడు. స్వేచ్ఛగా తిరిగింది. గరగరమని ఎక్కడైనా పట్టేసి ఉంటే కేబులు ఇరుక్కోవడమో, షూని వెనక్కి లాగే స్ప్రింగు తెగడమో అయ్యుండేది. డ్రమ్ము ఊడదీయడం అంత తేలిక కాలేదు. అరిగిన డ్రమ్ముకి లోపలి అంచున తుప్పు గట్టు కడుతుంది, షూలు దానికి తట్టుకుంటాయి. అడ్జస్టర్ వెనక్కి తిప్పి షూలు దగ్గరకి తెచ్చాక వచ్చింది.

లోపలి దుమ్ముని నోటితో ఊదొద్దని మేస్త్రీ నన్ను ముందే పక్కకి నెట్టాడు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. తడిగుడ్డతో తుడిచాడు. గాలి కొట్టే మెషీన్ పక్కనే ఉన్నా వాడలేదు. లైనర్ మందం సరిపడా ఉంది, రివెట్లు డ్రమ్ముకి తగలడం లేదు. తగిలి ఉంటే కీచు కాదు, ఇనుము ఇనుముని గీసే చప్పుడు వస్తుంది, డ్రమ్ము మీద గాడి పడుతుంది. వీల్ సిలిండర్ రబ్బరు ఎత్తి చూస్తే తడి లేదు. నూనె కారి లైనర్ తడిసుంటే ఎంత మందం ఉన్నా మార్చాల్సిందే. ఇవన్నీ కాదని తేలాక మిగిలినవి రెండు. లైనర్ మొహం అద్దంలా మెరుస్తోంది. ఖాళీ బండిలో వెనక చక్రాల మీద బరువు తక్కువ, బ్రేకు పని తక్కువ, సుతారంగా రాసుకుని రాసుకుని అలా నున్నబడుతుంది. రెండోది, షూ అంచులు ఆనుకుని కదిలే చోట వెనక పలక మీద చిన్న మెట్టలుంటాయి. వాటి మీద గ్రీజు ఎప్పుడో ఎండిపోయి, షూ అంచు కోసుకుపోయి గాడి చేసింది. షూ ఆ గాడిలో ఇరుక్కుని, బలం ఎక్కువయ్యాక ఒక్కసారిగా దూకుతోంది. ఆ టక్ అదే.

గాడిని ఆకురాయితో చదును చేసి, వేడికి కరగని గ్రీజు మెట్టల మీద గోటితో రాసినంత రాశాడు, ఎక్కువైతే లైనర్ మీదికి పాకుతుంది. లైనర్ మెరుపు ఎమరీ పేపరుతో లేపాడు. షూని పలకకి పట్టుకునే చిన్న స్ప్రింగు వదులైతే మార్చాడు. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం ఎంతో పోత పోసి ఉంటుంది, కొలిచి చూసి, ఇంకా లోపలే ఉంది కాబట్టి లేత్ మీద సన్నగా ఒక కోత వేయించాడు. రెండో వైపూ ఇదే. కొత్త లైనర్ల డబ్బులు మావయ్యకి మిగిలాయి.

మళ్లీ 1902. ఆ ఏడాది పారిస్ నుంచి వియన్నా దాకా జరిగిన రేసుని అన్న మార్సెల్ రెనో చిన్న కారుతో గెలిచాడు. ఆల్ప్స్ కొండలు దాటి వెళ్లే దారి అది. తమకన్నా చాలా పెద్ద ఇంజన్లున్న కార్లు వెనకపడ్డాయి. కంపెనీ పేరు యూరప్ అంతా తెలిసిపోయింది.

తర్వాతి ఏడాది మే నెలలో పారిస్ నుంచి మాడ్రిడ్ రేసు. అన్నదమ్ములిద్దరూ చెరో కారులో బయల్దేరారు. తారు లేని రోడ్లు, ముందు కారు లేపే దుమ్ములో వెనకవాడికి ఏమీ కనపడదు, జనం రోడ్డు మీదే నిలబడి చూస్తున్నారు. దారిలో వరసగా ప్రమాదాలు. మార్సెల్ ఒక కారుని దాటబోతూ దుమ్ములో మలుపు తప్పి పడ్డాడు, తర్వాత చనిపోయాడు. బోర్డో ఊరికి ముందుగా చేరిన వాళ్లలో లూయీ ఒకడు, అన్న సంగతి అక్కడే తెలిసింది. ప్రభుత్వం రేసుని బోర్డోలోనే ఆపేసింది. లూయీ మళ్లీ ఎప్పుడూ రేసులో పాల్గొనలేదు. 1909లో పెద్దన్న ఫెర్నాండ్ కూడా జబ్బుతో పోయాడు. జీతగాడిగా మొదలైన తమ్ముడికి కంపెనీ మొత్తం ఈ రకంగా వచ్చింది. నేను చదివినంతలో ఈయన మాటకారి కాదు, నలుగురిలో మాట్లాడటం రాదు, చేతులతో చేసేదే తెలుసు. అన్నలిద్దరూ పోయాక ఆ మౌనం ఇంకా పెరిగిందనిపిస్తుంది, ఇది నా ఊహే.

ఆ తర్వాత అంతా పెరగడమే. పారిస్ టాక్సీలు వేలల్లో రెనోవే. 1914 సెప్టెంబరులో జర్మన్లు పారిస్ దగ్గరికి వచ్చేసినప్పుడు ఆ టాక్సీల్లోనే కొన్ని వేలమంది సైనికుల్ని మార్న్ నది వైపు తరలించారు. 1917లో ఎఫ్‌టీ అనే చిన్న ట్యాంకు చేశాడు. డ్రైవరు ముందు, ఇంజన్ వెనక, పైన చుట్టూ తిరిగే తుపాకీ గోపురం. ఇప్పటి ట్యాంకులదీ చాలావరకు అదే అమరిక. యుద్ధం అయ్యేసరికి లూయీ ఫ్రాన్సుకి హీరో.

ఫ్యాక్టరీ లోపల మాత్రం అందరికీ హీరో కాదు. 1911లో అమెరికా వెళ్లి ఫోర్డ్ ఫ్యాక్టరీ చూసొచ్చాడు. తర్వాత స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కో పనికి ఎన్ని సెకన్లో కొలిపించాడు. కార్మికులు 1912, 1913లలో సమ్మెకి దిగారు. మెషీన్లో రాపిడి ఎక్కడుందో వినగలిగిన మనిషికి ఆ చప్పుడు ఎందుకు వినపడలేదో నాకు అర్థం కాదు. 1929లో సెన్ నది మధ్యలో ఉన్న సెగాఁ ద్వీపం మీద పెద్ద ఫ్యాక్టరీ తెరిచాడు. 1936లో, 1938లో మళ్లీ సమ్మెలు.

1940 జూన్‌లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయినప్పుడు లూయీ ట్యాంకుల పని మీద అమెరికాలో ఉన్నాడు. అక్కడే ఉండిపోవచ్చు, ఉండలేదు, తిరిగొచ్చాడు. ఫ్యాక్టరీ అప్పటికే జర్మన్ల పర్యవేక్షణలోకి వెళ్లింది. తర్వాతి నాలుగేళ్లు అందులోంచి వేల ట్రక్కులు జర్మన్ సైన్యానికి వెళ్లాయి. 1942 మార్చి 3 రాత్రి బ్రిటిష్ విమానాలు బియాంకూర్ మీద బాంబులేశాయి. ఫ్యాక్టరీతో పాటు చుట్టుపక్కల ఇళ్లూ కూలాయి, 300 మందికి పైగా మామూలు జనం చనిపోయారు. తను ఒప్పుకోకపోతే మెషీన్లనీ మనుషుల్నీ జర్మనీకి పట్టుకుపోయేవారని ఆయన పక్షం వాదన. ఆ వాదనలో కొంత నిజం ఉండొచ్చు. కానీ ఆ ట్రక్కులు ఎక్కడెక్కడికి ఎవర్ని మోశాయో ఆలోచిస్తే నాకు ఆయన్ని వెనకేసుకు రావాలనిపించదు. ఆ ఏళ్లలోనే ఆయనకి జబ్బు చేసి మాట పడిపోతూ వచ్చింది.

1944 ఆగస్టులో పారిస్ విముక్తమైంది. శత్రువుకి సహకరించాడనే అభియోగంతో సెప్టెంబరు 23న లూయీని అరెస్టు చేసి ఫ్రేన్ జైల్లో పెట్టారు. అప్పటికి 67 ఏళ్లు. ఆరోపణలకి జవాబు చెప్పుకోవాల్సిన సమయానికి ఆయనకి మాట సరిగా రావట్లేదు. నెల తిరగ్గానే, అక్టోబరు 24న, విచారణ మొదలవకుండానే ఒక ఆసుపత్రిలో చనిపోయాడు. జైల్లో కొట్టారని భార్య క్రిస్టియాన్ ఆరోపించింది. 1956లో శవాన్ని బయటికి తీసి పరీక్షించినా వివాదం తేలలేదు.

1945 జనవరిలో ప్రభుత్వం కంపెనీని జాతీయం చేసేసింది. కోర్టులో నేరం రుజువు కాలేదు, విచారణే లేదు, కానీ ఉత్తర్వులో తీర్పు ఇచ్చినట్టే రాశారు. నాకు ఆయన తప్పు చేశాడనే అనిపిస్తుంది, అయినా ఇది కుదరదు అనిపిస్తుంది. డ్రమ్ము ఊడదీయకుండా లైనర్లు మార్చేయడం లాంటిదిది. లోపల ఏముందో చూడాల్సిన రోజున చూడలేదు, ఆ తర్వాత చూడటానికి మనిషి లేడు.

కంపెనీ మాత్రం ఆగలేదు. యుద్ధం మధ్యలోనే ఇంజనీర్లు జర్మన్ల కళ్లుగప్పి డిజైన్ చేసిన 4సీవీ అనే చిన్న కారు 1946లో జనం ముందుకొచ్చింది, నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. 1962లో రెనో 8 నాలుగు చక్రాలకీ డిస్కులతో వచ్చింది. డ్రమ్ము క్రమంగా వెనక చక్రాలకి పరిమితమైంది. చవక, హ్యాండ్ బ్రేకు అందులోనే ఇమిడిపోతుంది, వెనక చక్రాలకి ఆ మాత్రం చాలు. పార్కింగులో ఉన్న క్విడ్‌లకీ వెనక డ్రమ్మే.

2011లో లూయీ మనవలు ఫ్రెంచి ప్రభుత్వం మీద కోర్టుకెళ్లారు, తాత ఆస్తి విచారణ లేకుండా లాక్కోవడం అన్యాయమని. 2012 జనవరిలో పారిస్ కోర్టు ఇది తన పరిధిలోకి రాదని చెప్పింది. ఆ కంపెనీలో ఫ్రెంచి ప్రభుత్వానికి ఇప్పటికీ వాటా ఉంది.